చుక్కల వెలుగులో పరాయి పోగు

నిరుడు కార్తీక మాసంలో మొఘల్‌పురాలో మా అక్క వాళ్ళ గల్లీ మొగదల మున్సిపాలిటీ వాళ్ళు కొత్త దీపం ఒకటి పెట్టారు. పాతదాని మాదిరి తెల్లగా కాక పసుపుపచ్చగా వెలుగుతుంది అది. దాని కింద నిలబడితే ఎంత నిండు ఆరోగ్యంతో ఉన్నవాడైనా కామెర్లు వచ్చినట్టే కనిపిస్తాడు, తోపుడు బండి మీది టమాటాలు మట్టి గడ్డల్లా ఉంటాయి. ఎనభై దాటిన మా అక్క ఒకనాటి సాయంత్రం తన ఎర్ర చీర కొంగును ఆ వెలుగులో చూసుకొని, ఇంత ముదురు గోధుమ రంగు చీర నాకెవరు కట్టబెట్టారని కోడలితో లొల్లి పెట్టుకుందట. తరవాత ఆ తగవును నా ముందు పెట్టింది, ముప్పై ఏళ్ళకు పైగా వేధశాలలో చుక్కల లెక్కలు చూసిన తమ్ముడికి వీధి దీపం సంగతి తెలియకపోతుందా అని ఆమె ధీమా. రేపు పొద్దున గడప దగ్గర ఎండలో పట్టి చూడు, ఎరుపు ఎక్కడికీ పోలేదని చెప్పాను. ఆ మాట అంటున్నప్పుడే అది నా మాట కాదనీ, పోయిన మా బావ మాట అనీ నాకు గుర్తుకొచ్చింది. దీపాన్ని మళ్ళీ తలెత్తి చూశాను. ఆ పసుపు నాకు కొత్తది కాదు. యాభై ఏళ్ళ కిందట ఆ పసుపు మూలంగానే నాకు కొలువు దొరికింది, ఆ పసుపు మూలంగానే ఒక ముల్లు గుండెలో దిగబడి ఇన్నేళ్ళూ ఉండిపోయింది.

నా ఈడు వాళ్ళకు రెండో ప్రపంచ యుద్ధం నాటి రోజులు చెప్పనక్కరలేదు. కిరోసిను దొరకడమే గగనమై, ఉన్న సీసాడు నూనెను పొదుపుగా వాడుకుంటూ, పొద్దుగూకగానే ఊరు ఊరంతా ముసుగుతన్నే కాలం అది. మనకు అదొక కష్టమే గాని, ఆకాశానికి మాత్రం అంతకంటే మంచి రోజులు లేవు. మొఘల్‌పురా మేడ మీద వెల్లకిలా పడుకుంటే చుక్కలు ఎన్నెన్ని ఉండేవంటే, చలికాలపు చుక్కల్లో రోహిణిని వెతికి పట్టుకోవడానికి కొత్తవాళ్ళకు కొంతసేపు పట్టేది.

మా బావకు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉండేది. చదివింది నాలుగో తరగతే అయినా ఆయన కంటికి ఉన్న చదువు నేను తరవాత ఎంతమంది పండితుల్లో వెతికినా కనబడలేదు. ఏ తాను చూపించినా ఆయన దీపం దగ్గర రంగు ఒప్పుకునేవాడు కాదు, చంకలో పెట్టుకొని గడప దాకా వచ్చి, ఎండలో ఒక మూర విప్పి, ఇటూ అటూ తిప్పి చూస్తేనే ఆ బేరం ముందుకు సాగేది. పెళ్ళివారు పరుగు మీద వచ్చినా, ఎంత గొప్పింటి బేగం గారి మనిషి వచ్చినా, పొద్దుగూకితే రంగులు జతపరచడం అనేది ఆ దుకాణంలో లేదు. అట్లా ఒకనాడు దీపం కింద అచ్చంగా ఒకే ఆకుపచ్చగా కనిపించిన రెండు ముక్కలు తెల్లవారి ఎండలో వేరు వేరుగా తేలాయి. అప్పటికి నేను కాలేజీలో రెండేళ్ళు సైన్సు వెలగబెట్టి, పాతబస్తీలోనే ఒక బడిలో ఇంకా ఖాయం కాని కచ్చా నౌకరీ మీద సైన్సు మాస్టరుగా చేరి, అక్క వాళ్ళింట్లోనే తింటూ ఉన్నాను. బావ ఆ రెండు ముక్కలనూ నా ముందు పరిచి, "బామ్మర్దీ, రంగు బట్టల ఉన్నదా, ఎలుగుల ఉన్నదా? గిది జెర సమజు చెయ్" అన్నాడు.

నేను పుస్తకం చదివినట్టు చదివాను: తెల్లని వెలుగు ఒంటరిది కాదు, రంగులన్నీ కలిసిన మిశ్రమం, బట్ట వాటిలో కొన్నిటిని మింగి కొన్నిటిని వదులుతుంది, దీపంలో లేని రంగును బట్ట ఎక్కడి నుంచి తెచ్చి వదులుతుంది, అని. బావ అంతా విని, వెలుగును కూడా తాను విప్పినట్టు విప్పి చూసే ఉపాయం ఉందా అని అడిగాడు. ఉంది, పట్టకం కావాలి, అంటే మూడు పలకల గాజు ముక్క అన్నాను, అనేసి మరిచిపోయాను. ఆయన మరిచిపోయే మనిషి కాదు. నెల తిరక్కముందే ఏదో నవాబు గారి దేవిడీలో సామాను హరాజు వేస్తున్నారని పరదాలు కొనడానికి వెళ్ళి, పరదాలు తప్ప మిగతావన్నీ తెచ్చాడు: ఒక ఇత్తడి దుర్బీను, విరిగిన షాండ్లియరు నుంచి రాలిన మూడు పలకల గాజు కడ్డీలు ఒక గంపెడు. మా అక్క ఆ గంపను చూసి, ఈయనకు ఎప్పుడో ఒకప్పుడు మతి పోతుందని మా అమ్మ ముందే చెప్పిందని అంది. పాపం, మా అమ్మ ఎన్నడూ ఆ మాట అనలేదు.

ఆ గంపలో పనికొచ్చే గాజును ఏరిపెట్టినవాడు చార్మినారు పక్కన కళ్ళజోళ్ళు చేసే ముసలి భాయ్. బావకు ఆయన చిరకాల స్నేహితుడు. ఒక్కొక్క ముక్కనూ వెలుగుకు ఎత్తి పట్టి, బుడగ ఉన్నదాన్నీ గీరు పడ్డదాన్నీ అవతల పారేసి, చివరికి మూడంటే మూడు మిగిల్చి, వాటి ముఖాలు సానబట్టి ఇచ్చాడు, మజూరీ అడిగితే నాక్కూడా చూపించండి చాలన్నాడు. గడ్డం గీసుకునే బ్లేడ్లు రెండు ఎదురెదురుగా అతికించి వెంట్రుకవాసి సందు చేశాను, ఆ సందు వెనక పట్టకం పెట్టి, ఒక ఆదివారం పొద్దున ఎండ మొహాన తిప్పాము. ఎరుపు నుంచి ఊదా దాకా పరుచుకున్న ఆ పట్టీలో అక్కడక్కడ సన్నని నల్లని గీతలు. సూర్యుడి చుట్టూ ఉన్న ఆవిర్లు తమ తమ రంగుల్ని మింగేసిన చోట్లవి, ఏ పదార్థం మింగితే ఏ చోట గీత పడుతుందో భూమి మీద మంటల్లో చూసి పోల్చుకోవచ్చు, పసుపులో కనబడేది ఉప్పులోని సోడియం గీత అని నేను చెబుతుంటే ఆ ఇద్దరూ వంతులవారీగా కన్ను పెట్టి గంటసేపు అక్కడి నుంచి కదలలేదు. ఎవరూ చేతితో తాకలేని సూర్యుడిలో ఏముందో మొఘల్‌పురా మేడ మీద కూర్చొని చదవగలగడమన్నది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

అక్కడి నుంచి చుక్కల మీదికి మనసు పోవడానికి ఎంతసేపు? కాని పాతబస్తీలో మేడ మీద దుర్బీను బిగించడమంటే చిన్న సంగతి కాదు. చుట్టూ అన్నీ జనానా వాకిళ్ళు. మేడ ఎక్కే మగవాడు మెట్ల మీద నుంచే గట్టిగా కేకవేసి, పక్క మేడల మీది ఆడవాళ్ళు చాటుకు తప్పుకున్నాక పైకి రావడం అక్కడి మర్యాద. మేము కేకలు వేసుకుంటూనే ఎక్కేవాళ్ళం, అయినా గొట్టం సంగతి తెలిసి నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. కళ్ళజోళ్ళ భాయ్ గల్లీ పెద్దలను పైకి తీసుకువచ్చి, ఆ గొట్టం పిట్టగోడ కంటే కిందికి వంగకుండా తాడుతో కట్టి ఉందని చూపించి, నాది జిమ్మా, పూచీ నాది అని చెప్పాకగాని లొల్లి సద్దుమణగలేదు. ఇంతమంది కళ్ళు మా మీద పడ్డాయని అక్కకు దిగులు పట్టుకుంది. చలికి మేము పక్కన పెట్టుకునే కుంపటిలో రోజూ మాకు దిష్టి తీసి పడేసేది. మొదటి రోజు ఉప్పూ ఎండుమిరపకాయలూ కలిపి వేసేసరికి ఆ ఘాటుకు దగ్గలేక ముగ్గురమూ కిందికి పరుగెత్తాము. మరునాటి నుంచి మిరపకాయలు మానేసి, ఆ లోటు తీరేటట్టు దోసెడు దొడ్డుప్పు వేయడం మొదలుపెట్టింది.

సూర్యుడితో చేసినట్టు చుక్కతో చేయడం ఏమీ తేలిక కాదు. చుక్క ఉట్టి బిందువు కనుక పట్టకంలో పడితే రంగురంగుల వెంట్రుకలా సాగుతుంది, వెంట్రుక మీద గీతలు ఎవరికి కనిపిస్తాయి? దానికి భాయ్ ఒక గుండ్రని గాజు కడ్డీ ఇచ్చాడు, దాన్ని కంటి ముందు అడ్డంగా పెడితే వెంట్రుక వెడల్పై రిబ్బనులా విప్పుకుంది. దుర్బీను చివర సందునూ పట్టకాన్నీ అట్టగొట్టంలో బిగించి, కన్ను నీళ్ళు కారేదాకా చూసి, చుక్కలన్నిటిలోకీ ప్రకాశమైన మృగవ్యాధుడి తెల్లని వెలుగులో నీలం మొదలయ్యే చోట ఒక నల్లని గీత పట్టుకున్న రాత్రి నేను ఎగిరి గంతేశాను. అది ఉదజని గీత, అంటే హైడ్రోజన్‌ది. ఆర్ద్ర ఎర్రని వెలుగులో అయితే గీతలు కావు, నల్లని మడతలే ఉన్నాయి. వాటిని చూసి బావ, ఈ రెండూ వేరే వేరే మగ్గాల మీద నేసిన బట్టలని ఒక్క మాటలో తేల్చేశాడు. ఒకటి మహా వేడి చుక్క, ఒకటి చల్లారుతున్న చుక్క అని పుస్తకంలో ఉన్న నాలుగు పేజీలకు అదే సారం.

ఇక నా ఘనకార్యానికి వస్తాను. ఏ చుక్కను చూసినా పసుపు చోట ఒక గీత తళుక్కుమని మెరుస్తూ కనిపించేది. సూర్యుడిలో నల్లగా ఉన్న చోటనే, చుక్కల్లో మెరుస్తూ! రోహిణిలో ఉంది, ఆర్ద్రలో ఉంది, మృగవ్యాధుడిలో ఉంది. పది రోజులు చూసి బొమ్మలు గీసి, చుక్కలన్నిటి మీదా సోడియం భగభగ మండుతోందనీ, పెద్ద పెద్ద దేశాల వాళ్ళు ఎందుకో గమనించలేదనీ తీర్మానించాను. ఇరవై రెండేళ్ళ వాడికి ఉండవలసినదానికి రెండింతల గర్వం ఉండేది నాకు. ఊరికి ఉత్తరాన ఉన్న వేధశాలలో చుక్కల ఫొటో పలకలు కొలిచే పనికి మనుషుల్ని తీసుకుంటున్నారని విని ఉన్నాను. రాత్రీ పగలూ ఆ కొలువు మీదే ప్రాణం పెట్టుకొని ఉన్నాను, డిగ్రీ లేనివాడికి దానిలో అడుగుపెట్టే తోవ ఇదొక్కటే అనిపించింది. బొమ్మలన్నీ జతచేసి అక్కడి పెద్దాయనకు పొడుగాటి ఉత్తరం రాశాను. వారం తిరగకుండా జవాబు వచ్చింది: గురువారం సాయంత్రం స్వయంగా వచ్చి చూస్తాను అని. ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకొని బడికి వెళ్ళి ఆ రోజు పిల్లలకు ఏం పాఠం చెప్పానో నాకు తెలియదు.

బుధవారం సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చిన బావ, రేపటి అతిథికి అన్నీ సరిగ్గా ఉన్నాయా లేదా చూద్దామని గొట్టానికి కన్ను ఆనించి చాలాసేపు ఉండిపోయాడు. అంతవరకూ ఆయన రంగులను చూసి ఆనందించేవాడే గాని గీతల జోలికి వచ్చేవాడు కాదు. ఆ రోజు తల ఎత్తి, కొంచెం మొహమాటంగానే అన్నాడు, "గీ పసుపు పోగు అంచు దాటి అటూ ఇటూ బయటికి పోతున్నది బామ్మర్దీ. నేసిన పోగు అంచుకాడ మళ్లుతది గని దాటదు. గిది గీ బట్టది కాదు, ఎక్కడ్నుంచో వచ్చి మీద పడ్డది."

మళ్ళీ చూశాను. నిజమే. చుక్క రిబ్బను సన్నగా ఉంది, మిగతా గీతలన్నీ దాని అంచుల మధ్యనే అణిగి ఉన్నాయి, ఈ పసుపు గీత ఒక్కటే పైకీ కిందికీ పొడుచుకొచ్చి నిలబడి ఉంది. ఇన్నాళ్ళుగా అది నా కంటి ముందే అట్లా ఉంది. చూసి కూడా నేను చేసిన పని ఏమిటో ఈనాడు రాయడానికి సిగ్గుగా ఉంది: తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు వాదించి, వాదన చాలక, బట్టలు కొలిచేవాళ్ళకు చుక్కల సంగతి ఏం తెలుసు అని నోరు జారాను. ఆయన ఇల్లు, ఆయన తిండి, ఆయన కొన్న దుర్బీను. బావ వంగి, కుంపటిని రెండు చేతులా ఎత్తి, మెట్ల కింద పెట్టి వచ్చి, ఇప్పుడు చూడమని సైగ చేశాడు.

రిబ్బను ఉంది, నల్లని గీతలు ఉన్నాయి, పసుపు గీత లేదు. కుంపటి తెచ్చి పెడితే ఉంది, తీస్తే లేదు. దిష్టి తీసిన ఉప్పంతా కుంపటిలో మండుతూ, ఇత్తడికీ అట్టకూ మధ్య నేను సరిగ్గా అతికించని సందులోంచి దూరి, చుక్కల్లోకి ఎక్కి కూర్చుంది. నేను లోకానికి చాటిన సోడియం మా అక్క వంటింటి జాడీలోది! మేడ మీదే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. కొలువు పోయింది, పరువు పోయింది, రేపు ఆ పెద్దమనిషికి జ్వరమని కబురు పంపి తప్పించుకుంటానన్నాను. బావ నా పక్కనే కూర్చున్నాడు. "చిల్లున్న బట్టను మనం చిల్లు చూపెట్టే అమ్ముతం. తీస్కుంటడా పోతడా, గది గిరాకి ఇష్టం. పెద్దసారుకు గూడ గట్లనే చూపెట్టు, ఫికర్ చెయ్యకు" అన్నాడు. అంతకు ముందు నేనన్న మాట విననట్టే ఉన్నాడు.

గురువారం సాయంత్రం వేధశాల పెద్దాయన షేర్వానీ దులుపుకుంటూ మేడ ఎక్కాడు, మర్యాదగా మెట్ల మీద కేకవేసి మరీ. నేను కుంపటి పెట్టి పసుపు గీత చూపించాను, కుంపటి తీసి అది లేకపోవడం చూపించాను, నా ఉత్తరంలో రాసిందంతా తప్పని చెప్పాను. ఆయన కోప్పడతాడనుకుంటే ఫక్కున నవ్వాడు, నవ్వి, ఎంతెంత పెద్దవాళ్ళకూ ఇట్లాంటి పరాయి వెలుగు తగులుతూనే ఉంటుందనీ, దాన్ని తామే పట్టుకొని తామే చెప్పేవాళ్ళు అరుదనీ ఉర్దూలో అంటూ మళ్ళీ కన్ను పెట్టాడు. గీత అంచు దాటి ఉండడం ఆయనకూ కనబడింది. తల తిప్పి, ఇది గమనించింది ఎవరు అని అడిగాడు.

బావ నాకు రెండడుగుల దూరంలో పాన్‌దాన్ పట్టుకొని నిలబడి ఉన్నాడు. నేను "నేనే" అన్నాను.

అంతే. ఒక్క మాట. అంటున్నప్పుడు కూడా నాకు తెలుసు. బావ వైపు చూసే ధైర్యం లేక దుర్బీను మూత బిగిస్తున్నట్టు నటించాను. తేలు కుట్టిన దొంగలా ఉంది నా పని. బావ ముందుకు వచ్చి ఆయనకు పాన్ అందించి, మావాడు కష్టపడే పిల్లవాడండీ అన్నాడు. రెండు వారాలకు నాకు వేధశాలలో పలకలు కొలిచే కొలువు దొరికింది. మొదటి రోజు వెళ్ళేటప్పుడు తొడుక్కున్న చొక్కా గుడ్డ బావ దుకాణంలోదే, ఎండలో పట్టి చూసి ఆయనే ఎంచి ఇచ్చాడు.

ఆ తరవాత ఆ కొలువులోనే తల నెరిసింది. చుక్కల వర్ణపటాల్లో అంచు దాటిన గీత చుక్కది కాదు, అది దారిలో కలిసిన వెలుగు అన్న సూత్రం వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసినదేనని నాకు అక్కడికి వెళ్ళాక తెలిసింది. ఎవరూ చెప్పకుండా, ఏ పుస్తకమూ చదవకుండా, నేత గుడ్డను చూసిన కంటితో దాన్ని పట్టుకున్నవాడిని మాత్రం నేను ఒక్కణ్ణే చూశాను. కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు ఆ సూత్రం చెప్పిన ప్రతిసారీ బావ పేరు నాలుక చివరిదాకా వచ్చేది. వచ్చి ఆగిపోయేది. ఆయన బతికుండగా క్షమించమని అడగాలని ఎన్ని పండగలకు అనుకున్నానో లెక్కలేదు, ఎదురుగా కూర్చుంటే ఆయన చుక్కల కబుర్లు అడిగేవాడు, నేను చెప్పేవాణ్ణి, పొద్దుపోయేది. ఇరవై ఏళ్ళ కిందట ఆయన పోయాడు.

కొత్త దీపం పెట్టాక ఒక సాయంత్రం మా ఇంట్లో పాత పెట్టె అడుగు నుంచి ఆ పట్టకాన్నీ బ్లేడ్ల సందునూ తీసుకొని అక్క వాళ్ళింటికి వెళ్ళాను. మేడ ఎక్కి దీపం వైపు పెట్టి చూస్తే రంగుల పట్టీ అంతా చీకటిగా ఉండి, ఆ పసుపు గీత ఒక్కటీ కత్తిలా నిలబడి ఉంది. పాత నేరస్థుణ్ణి పోలీసు గుర్తుపట్టినట్టు అది నన్ను గుర్తుపట్టిందనిపించింది. ఇక దాచుకోలేక కిందికి దిగి వచ్చి అక్క మంచం పక్కన కూర్చొని, ఆ రోజు అంచు దాటిన పోగును కనిపెట్టింది నేను కాదు బావ అని చెప్పేశాను.

అక్క వక్క నములుతూ నింపాదిగా అంది, "నాకెర్కనే తమ్మీ. గా దినం మెట్లకాడ చాయ్ పట్టుకొని నిలబడ్డ. పోరనికి కొలువు గావాలె, ఆ పోగుతోని నేనేం జేస్కోవాలె అన్నడు మీ బావ, కిందికి దిగినంక." నా వైపు తిరిగి, "గని కుంపట్ల ఉప్పేసింది నేను. గా ముచ్చట ఇన్నేండ్లల్ల ఒక్కలన్న అడగకపోతిరి" అంది.

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు. అక్క చెయ్యి పట్టుకొని మెల్లగా మేడ మీదికి తీసుకువెళ్ళాను, రోహిణిని చూపిస్తాను రమ్మని. మెట్ల మీద అలవాటుగా కేకవేశాను గాని, తప్పుకోవడానికి పక్క మేడల మీద ఎవరూ లేరు, అందరూ కింద టీవీల ముందు ఉన్నారు. తూర్పున రోహిణి ఉండవలసిన చోట వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను. ఫలక్‌నుమా వైపు నుంచి చార్మినారు దాకా పసుపు వెలుగు పరుచుకొని ఉంది, దాని వెనక ఏ చుక్కా లేదు. ఆ రోజుల్లో ఒక్క కుంపటి పక్కకు జరిపితే చుక్క వెలుగు చుక్కకు మిగిలేది అన్నాను. కళ్ళు చికిలించి అటే చూస్తున్న అక్క, ఇగ ఇప్పుడు ఇన్ని దీపాలను ఎవరు జరుపుతరు అంది. చలిగా ఉందని ఆమెకు నా శాలువ కప్పి, చెయ్యి పట్టుకొని కిందికి దించాను.